సాలు అంటే ఆగాలి

నవంబరు 3, సోమవారం

ఈ డైరీ మా కరెంటు ప్లాంటు వాళ్లు జనవరిలో ఇచ్చారు. ఇప్పటిదాకా తెరవలేదు. ఈరోజు తెరవక తప్పలేదు, ఎందుకంటే నా బాధ నోటితో చెప్పుకుంటే కాలనీ మొత్తం వింటుందట. ఈ మాట అన్నది నా భార్య నేత్ర. నా గొంతు పెద్దదని ఆమె అభిప్రాయం. ఏళ్ల తరబడి టర్బైన్ పక్కన నిలబడి పనిచేసేవాడికి ఎంత గొంతు ఉండాలో నాకు అంతే ఉంది.

మధ్యాహ్నం అన్నంలోకి ఉప్పు అడిగాను. నేత్ర పీట మీద నుంచి లేవకముందే పక్క క్వార్టర్ శరణమ్మ ఉప్పు గిన్నెతో గుమ్మంలో నిలబడింది. ఇందులో నా తప్పేముంది? క్వార్టర్ల గోడలు పలచన.

అసలు సంగతి ఇది. ప్రతి ఏడూ నవంబరులో, కన్నడ రాజ్యోత్సవ నెలలో, మా శక్తినగర్ కళాసంఘం కన్నడ నాటకం వేస్తుంది. రాక్షసుడి వేషం ఎప్పుడూ నాదే. మేం రాయచూరు తెలుగువాళ్లమే అయినా రాక్షసుడికి భాషాభేదం ఉండదు. ఈ ఏడు నేను గుడుగాసురుణ్ణి. గుడుగు అంటే కన్నడంలో ఉరుము. కృష్ణా నది మీది మబ్బులన్నీ మింగేసి గుహలో పడుకుంటాడు. ఎవరో లేపుతారు. లేస్తూనే 'యారలే! నన్న నిద్ది కెడిసిదవ యారలే!' అని అరుస్తాడు. నా నిద్ర చెడగొట్టింది ఎవడ్రా అని. ఆ ఒక్క అరుపు కోసం దేవసూగూరు నుంచి జనం వస్తారు.

ఈసారి ఆ అరుపు తగ్గించాలట. స్టోర్స్‌లో చేసి రిటైరైన పంపన్న మా డైరెక్టరు. ఇరవై మూడో తేదీన పిల్లల కోసం ఒక ప్రత్యేక ప్రదర్శన ఉంటుందని చెప్పాడు. పెద్ద చప్పుడు, కళ్లలోకి కొట్టే లైటు, జనం తోపులాట పడని పిల్లలు. వాళ్ల టీచరు దేవిక రాయచూరు నుంచి వచ్చింది. ఆమెది సింధనూరు వైపు వలస వచ్చినవాళ్ల క్యాంపు, కాలవ కింద వరి పండించే ఆంధ్రా కుటుంబం. హాల్లో లైట్లు సగం వెలుగుతూనే ఉండాలి, తలుపులు తెరిచే ఉండాలి, మైకు వద్దు, పిల్లలు మధ్యలో లేచినా తిరిగినా కేకేసినా ఎవరూ ఏమీ అనకూడదు, పక్కగదిలో చాపలు వేసి ఉంచాలి అని వరసగా చెప్పింది. చివరికి నా వైపు తిరిగి, కొంచెం తగ్గించి అరవగలరాండీ అని అడిగింది.

తగ్గించే అరిచాను. గేటు దగ్గరి సెక్యూరిటీ మనిషి లాఠీ పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. అతను కొత్తగా చేరాడు. భయస్థుడు.

వేషం వాళ్ల మొహాన కొట్టి వచ్చేసేవాణ్ణే. కానీ ఆ పిల్లల్లో నిఖిలేశ్ ఉన్నాడు.

నవంబరు 4, మంగళవారం

నిఖిలేశ్ మా చెల్లెలు హేమ కొడుకు. తొమ్మిదేళ్లు. కుక్కరు విజిలు, మిక్సీ, టపాకాయలు, నేను, ఇవి వాడికి పడవని హేమ అంటుంది. ఆ మూడింటితో నన్ను కలిపి చెప్పడం నాకు నచ్చలేదు. ఉగాదికి వాళ్లు మా ఇంటికి వచ్చినప్పుడు నేను చేసిందల్లా, ఏరా ఎప్పుడొచ్చినవ్ అని పలకరించడమే. వాడు చెవులు మూసుకుని మంచం కిందికి దూరాడు. సాయంత్రం దాకా బయటికి రాలేదు. ఆ తర్వాత హేమ వాణ్ణి మా ఇంటికి తేలేదు. నేను రాయచూరు పోతే వాడు పెరట్లోకి పోతాడు. ఒక్కగానొక్క మేనల్లుడు, వాడి వీపు తప్ప నాకేమీ గుర్తులేదు.

ఈరోజు హేమ ఫోన్ చేసింది.

"అన్నా, ఫొటోల నిన్ను చూస్తే నవ్వుతడు. మనిషివి వస్తే ఉరుకుతడు. ఈ నాటకం ఒక్కటి వాడు కూసొని చూస్తే సాలు నాకు. ఇది గిట్ల ఖరాబైతే మళ్ల వాణ్ణి బలవంతం చెయ్య."

నాకు గొంతు తగ్గించడం ఎంతసేపు, నువ్వేం పరేషాన్ కాకు అన్నాను. ఫోను చెవికి దూరంగా పెట్టుకున్నట్టుంది, సరిగ్గా వినలేదు.

నవంబరు 6, గురువారం

మెల్లగా మాట్లాడడం మొదలుపెట్టాను. పొద్దున కాఫీ అడిగితే నేత్ర గరిటె కింద పడేసి నా ఛాతీ మీద చెయ్యి వేసింది. ఎక్కడ నొప్పి అని అడిగింది. నొప్పి లేదు, మెల్లగా మాట్లాడుతున్నాను అని చెప్పాను. అది కూడా మెల్లగానే చెప్పాను కాబట్టి ఆమెకు వినపడలేదు. శరణమ్మను పిలిచింది. ఇద్దరూ కలిసి నాకు సోడా తాగించారు.

ప్లాంటులో ఇంకా అన్యాయం. వాల్వు సంగతి షిఫ్టు ఇంజనీరుకు మెల్లగా చెబితే, పెదాలు కదులుతున్నాయి మాట రావడం లేదని దవాఖానాకు పంపాడు. డాక్టరు నోరు తెరిచి 'ఆ' అనమన్నాడు. అన్నాను. బయట బెంచీ మీది రోగులు లేచి నిలబడ్డారు. గొంతుకు ఏ జబ్బూ లేదని రాసిచ్చాడు.

నవంబరు 9, ఆదివారం

దేవిక మళ్లీ వచ్చింది. నాకు ఫొటోలు తీసింది. ఒకటి మామూలు మొహంతో, ఒకటి సగం రంగుతో, ఒకటి కిరీటం మీసాలతో. వాటిని అట్టల మీద అంటించి పిల్లలకు ముందే చూపిస్తుందట. కింద ఇలా రాసింది: 'ఇతను హనుమేశ్ మామయ్య. రాక్షసుడి వేషం వేస్తాడు. గట్టిగా అరుస్తాడు. నాకు వద్దనిపిస్తే నేను సాలు అంటాను. మామయ్య ఆగుతాడు.'

ఆమె ఇంట్లో చాలు అంటుంది. ఇక్కడి పిల్లలు సాలు అంటారు కాబట్టి అదే ఉంచింది. ఉయ్యాల ఊపితే సాలు అనేదాకా ఊపడం, గ్లాసులో నీళ్లు పోస్తే సాలు అనేదాకా పోయడం, అనగానే ఆపడం, ఇలా ఎన్నో వారాలుగా నేర్పిస్తోందట.

"ఆ మాటంటే పెద్దవాళ్లు ఆగుతారని వాళ్లకి ఇప్పుడిప్పుడే నమ్మకం కుదురుతోందండి. మీరు చెయ్యాల్సింది ఒక్కటే. ఆగాలి."

నవ్వొచ్చింది. అరవడానికి విద్య కావాలి గానీ ఆగడానికి కూడానా?

నా అరుపు రికార్డు చేసి ఇవ్వమంది. పిల్లలు ఇంట్లో తమ చేత్తో శబ్దం పెంచుకుంటూ తగ్గించుకుంటూ వినాలట. చేసి అందరికీ పంపాను. నా ఫోన్లో ఆ తర్వాత పాటలు బరబరా వస్తున్నాయి. పాత ఫోను.

నవంబరు 12, బుధవారం

ఈరోజు ఎవరి మీదా అరవలేదు. నేత్ర వాళ్ల అమ్మగారింటికి ముదగల్ పోయింది.

నవంబరు 16, ఆదివారం

పిల్లలు హాలు చూడడానికి వచ్చారు. రిహార్సల్ బాగా జరిగింది. తలనొప్పి.

నవంబరు 17, సోమవారం

నిన్న రాసింది పూర్తిగా నిజం కాదు. తలనొప్పి ఒక్కటే నిజం.

మొదలు బాగానే ఉంది. పిల్లలు నా కిరీటం తట్టి చూశారు. ఏడేళ్ల మేఘా అనే పాప నా మీసం పీకి తన మూతికి అంటించుకుంది. తిరిగి ఇవ్వలేదు. ఒకడు నా వైపు చూడనే లేదు, ఫ్యాను వైపే చూసి సంతోషంగా ఉన్నాడు. నిఖిలేశ్ కూడా వచ్చాడు. చెవులకు నీలం రంగు హెడ్‌ఫోన్లు పెట్టుకుని వరండాలో నిలబడి నన్ను ఓరగా చూశాడు. వీపు కాదు, మొహం. అదే నా కొంప ముంచింది. వాడు చూస్తున్నాడని ఒళ్లు పొంగింది.

అయినా సగానికి సగం తగ్గించే అరిచాను. మేఘా చెయ్యెత్తి "సాలు" అంది.

నేను ఇంకా పెద్దగా అరిచాను.

"సాలు, సాలు" అంది. తొడగొట్టి అరిచాను. పిల్లలంతా ఒక్కసారిగా సాలు సాలు అని మొత్తుకున్నారు. అంతటి అరుపు నేను పుట్టి బుద్ధెరిగి అరవలేదు. మంత్రి వేషం వేసే ఉమేశ్ తలపాగా ఊడి పడింది. దేవిక స్టేజి ఎక్కి నా నోరు మూసింది. అప్పటికే ఇద్దరు ఏడుస్తున్నారు, ఒకడు హాలు చుట్టూ పరుగెడుతున్నాడు, ఫ్యాను చూసే పిల్లాడు కూడా ఫ్యాను చూడడం మానేశాడు.

నిఖిలేశ్ బయట ఉన్న బస్సెక్కి సీటు కిందికి దూరాడు. హేమ వాడి పక్కనే కింద పడుకుంది. చాలాసేపటి దాకా ఆమె కూడా లేవలేదు.

రాత్రి ఫోన్ చేసింది. "నీ మీద కోపం లేదన్నా. మేం నాటకానికి రాం" అంది. తిట్టి ఉంటే బాగుండేది. చిన్నప్పటి నుంచి నన్ను తిట్టని రోజు లేదు దానికి. కోపం లేదన్నప్పుడే నాకు భయమేసింది.

ఎందుకలా అరిచానో నాకే తెలియదు. పిల్లల్ని ఏడిపించాలని ఏ రాక్షసుడికి ఉంటుంది?

నవంబరు 18, మంగళవారం

కిరీటం, గద మూటగట్టి పంపన్న ఇంటికి తీసుకుపోయాను. వేషం ఉమేశ్‌కు ఇచ్చెయ్యి, వాడు అరిస్తే వానకు తడిసిన మేక అరిచినట్టుంటుంది, పిల్లలకు అదే క్షేమం అన్నాను. దేవిక అక్కడే ఉంది. తిట్టలేదు. పిల్లలు సాలు అన్నప్పుడల్లా మీరు ఇంకా పెంచారు, ఎందుకండీ అని మాత్రం అడిగింది. ఏమో, ఎవరైనా సాలు అంటే నా నోరు దానంతట అదే తెరుచుకుంది అన్నాను.

పంపన్న టీ తాగుతున్నవాడు కప్పు కింద పెట్టి తల కొట్టుకున్నాడు.

తప్పు అతనిది. కన్నడంలో సాలు అంటే వరస, పంక్తి. నేను స్టేజి మీద డైలాగు మర్చిపోతే, అంటే మర్చిపోను, కొంచెం ఆలస్యం చేస్తాను, అప్పుడు పంపన్న తెర పక్కనుంచి 'సాలు హేళో' అంటాడు. పంక్తి చెప్పరా అని. పోనుపోను ఆ హేళో అరిగిపోయి 'సాలు' ఒక్కటే మిగిలింది. ఏటేటా అదే మాట. అది చెవిన పడితే చాలు, నా రొమ్ము పొంగి అరుపు బయటికొస్తుంది. ఇంట్లో అన్నం వడ్డిస్తుంటే నేను సాలు అంటే ఇక వద్దని. స్టేజి మీద ఎవరైనా నన్ను సాలు అంటే ఇంకా అరవమని. మాట ఒక్కటే, భాషలు రెండు, నడుమ నలిగింది నేను. ఆ చిన్నపిల్ల ఆగమని మొక్కుతుంటే నేను డైలాగు అందిస్తోందనుకున్నాను.

మాట మార్చేసి స్టాప్ అని పెడదామన్నాడు అప్పుడే వచ్చిన ఉమేశ్. దేవిక ఒప్పుకోలేదు.

"పిల్లల మాట మార్చనండి. రాక్షసుణ్ణే మార్చండి."

మూట తిరిగి ఇంటికి తెచ్చుకున్నాను.

నవంబరు 19, బుధవారం

సాధన. నేత్ర ఎప్పుడు సాలు అంటే అప్పుడు నేను ఎక్కడివాణ్ణి అక్కడే ఆగిపోవాలి. నేత్ర ముఖంలో ఇంత సంతోషం మా పెళ్లినాడు కూడా చూడలేదు. ముద్ద నోటి దగ్గరికి తెస్తుంటే సాలు అంది. టీవీ వార్తల మీద నా అభిప్రాయం చెబుతుంటే సాలు అంది. వాళ్ల తమ్ముడి గురించి మొదలుపెట్టక ముందే సాలు అంది. స్నానాల గదిలో పాడుకుంటుంటే గోడ అవతలి నుంచి శరణమ్మ సాలు అంది. ఆమె ఈ సాధనలో లేదు. అయినా ఆగాను.

పంపన్న కూడా ఒట్టు పెట్టుకున్నాడు. ఇకమీదట తెర పక్కనుంచి సాలు అనడు, 'మాతు' అంటాడు. మాతు అంటే మాట.

నవంబరు 20, గురువారం

షిఫ్టుకు పోతుంటే కంపెనీ బస్సు దగ్గర తోపులాట. డ్రైవరు సూగప్ప కన్నడంలో, సాలు సాలు, వరసలో రండి అని కేకేశాడు. నేను ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు నేల మీద పెట్టి ఆగిపోయాను. వెనకవాళ్లు నన్ను పక్కకు జరిపి ఎక్కారు. బస్సు పోయింది. డ్యూటీకి ఆలస్యమైంది, గైర్హాజరీ పడింది.

ఇంత సంతోషంగా నేనెప్పుడూ గైర్హాజరీ వేయించుకోలేదు.

సాయంత్రం నేత్రను పక్కన కూర్చోబెట్టుకుని కొత్త రికార్డింగు చేశాను. 'యారలే! నన్న నిద్ది కె' దగ్గర నేత్ర సాలు అంది. టక్కున ఆగిపోయాను. తర్వాత గోడగడియారం చప్పుడు తప్ప ఏమీ లేదు. హేమకు పంపాను. మాటేమీ చెప్పలేదు. చెబితే గొంతు పెరుగుతుంది.

నవంబరు 21, శుక్రవారం

హేమ నుంచి జవాబు లేదు.

ఇంకా లేదు.

నేత్ర నా ఫోను తీసి బీరువాలో పెట్టింది.

నవంబరు 22, శనివారం

హేమ ఫోన్ చేసింది. బీరువాలోంచి మోగింది. తాళంచెవి దొరికేసరికి ఆగింది. మళ్లీ చేసింది.

నిఖిలేశ్ ఆ రికార్డింగును నిన్నంతా వింటూనే ఉన్నాడట. మొదట సౌండు బాగా తగ్గించి దిండు కింద పెట్టుకున్నాడు. తర్వాత బుగ్గకు ఆనించుకున్నాడు. ఇప్పుడు నేత్రతో పాటు వాడు కూడా సాలు అంటున్నాడు.

"నువ్వు ఆగినప్పుడల్లా నవ్వుతుండన్నా. రేపు వస్తం. తలుపు కాడ కూసుంటం."

నేత్ర ఫోను తీసుకుని, ఆయన ఏడుస్తున్నడు, మెల్లగనే ఏడుస్తున్నడు అని చెప్పింది. అబద్ధం. జలుబు.

నవంబరు 23, ఆదివారం

మొహం రంగు ఇంకా కడగలేదు. అయినా ఈరోజే రాయాలి.

లైట్లు సగం వెలుగులో ఉన్నాయి. తలుపులు బార్లా తెరిచారు. పిల్లలు కొందరు కుర్చీల్లో, కొందరు నేల మీద, ఒకడు ఫ్యాను కింద. మేఘా నా మీసం పెట్టుకునే వచ్చింది. నిఖిలేశ్ వెనక వరసలో తలుపు పక్కన, నీలం హెడ్‌ఫోన్లతో. హేమ వాడి పక్కన కుర్చీ అంచున కూర్చుంది, లేచి పరుగెత్తడానికి సిద్ధంగా.

గుహలోంచి లేచాను. 'యారలే' అన్నాను. పిల్లి ఆవలించినట్టు వచ్చింది. భయం, ఏం చెయ్యను? ఎవరూ కదల్లేదు. మంత్రి ఉమేశ్ కూడా నా వైపు జాలిగా చూశాడు.

వెనకనుంచి ఒక గొంతు.

"మామా, సాలదు."

హెడ్‌ఫోన్లు మెడలోకి దించుకుని కుర్చీ మీద నిలబడ్డాడు నిఖిలేశ్. వాడు నన్ను మామా అని పిలవడం ఇదే మొదలు. కొంచెం పెంచాను. సాలదు అన్నాడు. ఇంకొంచెం పెంచాను. చెయ్యి పైకెత్తి ఇంకా పెంచమన్నాడు. అంతలో మేఘా "సాలు" అంది. టక్కున ఆగాను. ఆమెకు నమ్మకం కుదరలేదు. నేను మొదలుపెట్టగానే మళ్లీ సాలు అంది. మళ్లీ ఆగాను. మీసం కింద పళ్లన్నీ కనిపించేలా నవ్వింది. ఇక మొదలైంది. ఈ మూల సాలు, ఆ మూల సాలదు. సాలుదే గెలుపు అని దేవిక ముందే నియమం పెట్టింది కాబట్టి సరిపోయింది, లేకపోతే పిల్లలు నన్ను మోటారు స్విచ్చులా కాల్చేసేవాళ్లు. ఇద్దరు పక్కగదికి పోయి చాపల మీద దొర్లి మళ్లీ వచ్చారు. ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. ఇంత మంచి జనం ముందు నేనెప్పుడూ ఆడలేదు.

ఈ సంబరంలో డైలాగు ఎక్కడిదాకా వచ్చిందో మర్చిపోయాను. మర్చిపోయాను అనే రాస్తున్నాను.

పంపన్న తెర పక్కనుంచి అందుకున్నాడు. ఒట్టూ లేదు గిట్టూ లేదు, కుక్క తోక వంకర. "సాలు" అన్నాడు.

ఆగిపోయాను. గద పైకెత్తి, ఒక కాలు గాల్లో పెట్టి.

"సాలు హేళో" అన్నాడు. ఇంకా గట్టిగా ఆగాను. పాపం ఆయన సాలు సాలు అని బతిమాలుతున్నకొద్దీ నేను రాయినైపోతున్నాను. ఉమేశ్ గిల్లాడు. తలలో ఒక్క ముక్క లేదు. మేఘా కూడా అయోమయంగా చూసింది, ఈసారి ఆమె ఏమీ అనలేదు కదా.

నిఖిలేశ్ కుర్చీ దిగాడు. నడవ మధ్యలోంచి నడుచుకుంటూ వచ్చి స్టేజి కింద నిలబడ్డాడు. ముందు నా డైలాగు పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు. తర్వాత రొమ్ము విరుచుకుని, మెడ నరాలు తేలేలా అరిచాడు.

"యారలే! నన్న నిద్ది కెడిసిదవ యారలే!"

నా అరుపే. చివర్న నేను లాగే సాగదీత కూడా అదే. మా ఇంటి గొంతు. గేటు దగ్గరి సెక్యూరిటీ మనిషి మళ్లీ పరుగెత్తుకొచ్చాడు. హేమ తలుపు దగ్గర నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది.

వాడు తలెత్తి నన్ను చూశాడు. ఓరగా కాదు, సూటిగా.

"సాలా, మామా?"

నాకు ఏడుపొచ్చింది. ఈసారి జలుబు కాదు. రాక్షసుడు ఏడిస్తే కాటుక మూతి దాకా కారుతుంది. కాలు కిందికి దించి, గద పక్కన పెట్టి, స్టేజి అంచున కూర్చుని, నా జన్మలో ఎంత మెల్లగా మాట్లాడగలనో అంత మెల్లగా అన్నాను.

"సాలదురా."

వాడు మళ్లీ అరిచాడు.

నవంబరు 24, సోమవారం

వచ్చే ఆదివారం హేమ, నిఖిలేశ్ మా ఇంటికి భోజనానికి వస్తున్నారు. వాడు ఇప్పుడు కుక్కరు విజిలు వేయకముందే దాని మీద అరుస్తున్నాడట. విజిలు వచ్చేసరికి వాడికి నవ్వు, వినే తీరిక ఉండడం లేదు.

ఈ సంగతి నేత్రకు మెల్లగా చెప్పాను. ఎంతమందికి వండుతున్నారని శరణమ్మ గోడ అవతలి నుంచి అడిగింది. గోడలు నిజంగానే పలచన.

సాయంత్రం మంచం కింద బాగా ఊడ్చి చాప పరిచాను. నా గొంతు పెరిగితే వాడు అక్కడ ఉంటాడు. వాడి గొంతు పెరిగితే నేనుంటాను.